పురి

వాల్పరైసోలో కొండ మీది ఇల్లు అది.
బయట రేకులు, రేకుల వెనక చెక్క,
చెక్కల నడుమ గడ్డి కలిపి తొక్కిన మట్టి.
ఆ మట్టి వైఫైని
ఇసుక నీళ్లను తాగినట్టు తాగేస్తుంది.

"పైగదుల్లో అద్దెకున్న పిల్లలు
మెట్ల మీద కూర్చుని పరీక్షలు రాస్తున్నారు నిబాల్దో,
గోడలు ఎలాగూ విప్పావు కదా, తీగ లాగెయ్యి,"
అంది దోన్యా ఎదువీహిస్.

పెట్టె తెచ్చాను. మూడువందల అయిదు మీటర్లు, నీలం తొడుగు.
"క్యాట్ ఫైవ్ ఎందుకు కాదు?" అంది.
చెప్పాను.
"సిక్స్ ఏ ఎందుకు వద్దు?" అంది.
లావు, మొండి, మీ గోడల వంపుల్లో తిరగదు,
ఇంత చిన్నింటికి సిక్స్ చాలు, అన్నాను.
అదంతా నిజమే.
నిజమైనవన్నీ ముందు చెప్పేశాను.

ఆమె అడుగు కోసి, తొడుగు ఒలిచి,
నాలుగు జతల్నీ వంటబల్ల మీద పరిచింది,
నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ.
ఒక్కో జతకి ఒక్కో పురి, ఒకటి బిగువు, ఒకటి వదులు.
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి వేళ్లతో చదివింది.

ఇరవైమూడేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
ప్లగ్గులు గుచ్చిన వేళ్లవి.
"ఇకీకే లైనులో ఎవరో చేపల ధర చెబుతుంటే
పక్క లైనులోంచి ఒక ఆడమనిషి ఏడుపు
అందులోకి కారేది.
ఎవరిదో ఏనాడూ తెలియలేదు.
పురి సరిగ్గా ఉంటే కారదు నాయనా.
రెండు తీగలు పెనవేసుకుంటే
బయటి గోల ఇద్దరికీ సమానంగా తగిలి
చివర్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది.
నువ్వు కొసన అరంగుళం మించి విప్పకు."

అప్పుడు బంగాళాదుంపలు చెక్కే కత్తి తీసుకుంది.
నారింజ తీగని ఒక్క గీత గీసింది.
ఎర్రటి పూత కింద
తెలుపు.

పైన పటారం, లోన లొటారం.
కుళాయి చుక్క రాలడం విన్నాను.
"అందరూ ఇదే వాడతారు దోన్యా, సగం ధర,"
అన్నాను, గొంతు నాది కానట్టుగా.
"అందరి కిటికీలోంచీ సముద్రం లోపలికొస్తుందా?" అంది.

తిట్టలేదు. తిడితే బావుండేది.
లేచి, విప్పిన గోడలోంచి నిన్న రాలిన పాత తీగని తెచ్చింది.
నూలు తొడుగు చీకిపోయింది,
ఏ కాలంలో ఎవడు వేశాడో, గంట కోసమో ఫోను కోసమో.
అదే కత్తితో గీసింది.
ఎరుపు.
మళ్లీ గీసింది. ఎరుపే.

ఆ రోజు లిఫ్టు పని చెయ్యడం లేదు.
రెండువందల పదకొండు మెట్లు, భుజం మీద పెట్టె.
తెరిచిన పెట్టె వెనక్కి తీసుకోనన్నాడు రిగోబెర్తో.
కోసిన అడుగు మేర ఖాళీని చూపించి నవ్వాడు కూడా.
అసలు రాగి కొన్నాను, నా డబ్బుతో తేడా కట్టి.
ఎక్కేటప్పుడు మెట్లు లెక్కపెట్టలేదు.

గోడలో రెండు గొట్టాలు వేశాం.
ఒకదాంట్లో తీగ. రెండోది ఖాళీ,
లోపల ఒక నైలాన్ దారం మాత్రం,
"మన తర్వాత వచ్చేవాళ్లకి ఏం కావాలో
మనకేం తెలుసు," అంది.
నేను కింద, ఆమె పైన.
లాగు, ఆగు, మెల్లిగా, లాగు.
చీకటి పడేవేళ ఖాళీ గొట్టంలోంచి
పాత ఉద్యోగపు గొంతు దిగింది:
"వినిపిస్తోందా?"
నోరు గొట్టానికి ఆనించి చెప్పాను.
"లైనులోనే ఉండండి," అంది,
ఆ తర్వాత ఎంతకీ ఏమీ అనలేదు.
నేను ఉన్నాను.

ఆ నీలం పెట్టె మా పెరట్లోకి చేరింది.
యాస్నా దాని జతలు విప్పి చిక్కుడు పందిరి కట్టింది.
రెండు చలికాలాల పొగమంచుకే
కోసిన కొసల నుంచి తెల్లటి పొడి
ఆకుల మీద రాలుతోంది.
ఆమె అడిగితే
సున్నం అని చెప్పాను.