వెయ్యిన్నూట ఎనభై

నా కొలత ఎవరో తీశారట,
ఆరువందల పన్నెండు.
టేపు మెడలో వేసుకుని ఇరవై రెండేళ్లుగా
పైపుల రోడ్డు ఆడాళ్ల భుజాలూ చంకలూ కొలిచినదాన్ని,
మనిషిని నిలబెట్టకుండా, చెయ్యెత్తమనకుండా
తీసే కొలత ఒకటుంటుందని ఎక్కడా వినలేదు.

ఎంబ్రాయిడరీ మిషనుకి లోనడగడానికి వెళ్లాను.
పొదుపు సంఘంలో ఒక్క వాయిదా తప్పలేదు,
పుస్తకం ముందు పెట్టాను.
ప్రమీల గారు పుస్తకం తెరవలేదు, తెర చూసింది.
"ఇక్కడో నెట్ బిల్లుందమ్మా, కట్టలేదు."
ఎంత?
"వెయ్యిన్నూట ఎనభై."
వెనక లైన్లో ఎవరో నవ్వు ఆపుకున్నారు.
మూడు లైనింగు జాకెట్ల కూలి.
మూడోదానికి హుక్కులు కుడుతుండగానే తీరిపోయే బాకీ.

కానీ అది నా బాకీ కాదు.

బుడమేరు ఇంట్లోకొచ్చిన ఆదివారం
మిషను తలకాయ ఊడదీసి అటకెక్కించాను,
జనం జాకెట్లు మూటగట్టి పిల్లాడి నెత్తిన పెట్టాను,
గోడకున్న ఆ నెట్ డబ్బా ఎవరికి గుర్తుంటుంది?
మునిగింది.
దాని పచ్చలైటు నీళ్లలో కాసేపు వెలిగిందంటాడు మావాడు.
కరెంటు అప్పటికే తీసేశార్రా అంటే వినడు.

బురద ఎత్తిపోస్తూనే ఫోన్ చేశాను, కనెక్షన్ తీసెయ్యండని.
సరే మేడమ్ అన్నారు. నంబరిచ్చారు.
క్యాలెండర్ వెనక రాసుకున్నాను.
ఆ తర్వాత రెండు నెలల బిల్లూ, డబ్బా ఖరీదూ, ఆలస్య రుసుమూ
మునిగిన ఇల్లు వెతుక్కుంటూ ఈదుకుని వచ్చాయి.

ఇప్పుడొకడు ఫోన్ చేస్తుంటాడు.
ఓరోజు విక్రమ్, ఓరోజు వినయ్, గొంతు ఒకటే.
"ఆరువందలు కట్టెయ్యండమ్మా, సెటిల్ చేసేస్తాం."
నోట్లో గుండుసూదులున్నా నవ్వొచ్చింది.
సెటిలవ్వడమంటే మా వీధిలో దీవెన.
ఆటో కొనుక్కున్న అన్వర్ సెటిలయ్యాడంటారు,
అంగన్‌వాడీలో పోస్టొచ్చిన రాణి సెటిలయిందంటారు.
యేసుపాదం గారి రెండో పిల్ల స్నేహలత చెప్పింది,
"ఆంటీ, ఆ మాట మీ రిపోర్టులో పడితే మచ్చ.
మొత్తం కట్టలేక సగానికి బతిమాలుకున్నారని అర్థం.
ఏళ్ల తరబడి ఉండిపోద్ది."

కడితే ఒప్పుకున్నట్టు.
కట్టకపోతే ఎగ్గొట్టినట్టు.
మధ్యలో కాలు మోపడానికి జానెడు జాగా ఉందా తల్లీ?

ఉందట. డిస్ప్యూట్ అంటారట.
ఆ పిల్లే ఫోన్లో నింపింది.
వరద ఫొటో ఉందా ఆంటీ అంది.
ఒక్కటుంది, మా తమ్ముడు డాబా మీంచి తీసింది.
బోర్డు మీద 'మస్తాన్‌బీ' వరకు నీళ్లకి పైన,
'లేడీస్ టైలర్' లోపల.
క్యాలెండర్ తిప్పి చూస్తే, తడిచేత్తో రాసిన అంకె
ఏడో ఒకటో నాకే తెలియలేదు.
రెండు రకాలుగానూ రాసి పంపాం.

ముప్పై రోజులన్నారు. ఇవాళ్టికి ఇరవైమూడు.
అది తేలాక రండి, అంది ప్రమీల గారు. చెడ్డగా అనలేదు.

ఇవాళ ఒక పెళ్లి జాకెట్టు విప్పుతున్నాను.
ఎవరో చంకలో బిగించి కుట్టి పాడుచేశారు.
కుట్టు నాది కాదు, విప్పేది నేను.
దారం లాగేశాక గుడ్డ మీద వరసగా బెజ్జాలు.
అవిక పోవనుకుని ఏడుస్తుంది పెళ్లికూతురి పిన్ని.
తడిగుడ్డ అద్ది, గోటితో
నిలువుకోసారి అడ్డానికోసారి మెల్లగా గీరుతుంటే
పోగులు మళ్లీ ఒకదాని దగ్గరికొకటి జరుగుతాయి.
అన్నీ కాదు.

గోరు అరిగింది.
పక్క వేలు మార్చాను.