పదకొండు మంది

గురువారం మధ్యాహ్నం రెండింటికి
బెండిగో ఎండ కిటికీ అద్దాల్ని అరచేత్తో నొక్కుతుంటుంది.
రెండో సంవత్సరం నర్సింగు పిల్లలు, నలుగురు ఫిజియోలు,
దారితప్పి వచ్చినట్టు కూచునే ఫార్మసీ కుర్రాడొకడు.
బల్ల మీద చల్లారిన చిప్స్.
ఒక్కొక్కరి ముందూ ఆరు పేజీల పేపరు.

రాసినవాళ్ళ పేర్లు నల్ల మార్కరుతో కొట్టేశాను,
పద్నాలుగు కాపీల మీదా, నా చేత్తోనే.
మొహం చూసి బొట్టు పెట్టొద్దు అందామనుకున్నాను.
ఆ మాట ఇంగ్లిషులోకి రానంది.
"పేర్లతో పని లేదు, చదవండి" అని ఊరుకున్నాను.

సారాంశం దాటకుండానే జెథ్రో చెయ్యెత్తాడు.
"పనిచేసింది! ఎనిమిది వారాల వ్యాయామంతో
ముసలివాళ్ళు పడిపోవడం సగానికి తగ్గింది.
పి విలువ సున్నా పాయింట్ సున్నా మూడు."
ఆ మూడుని లాటరీ టికెట్టులా పైకెత్తి చూపించాడు.
ఈ వయసులో అంకె కనబడితే చాలు, తల వంగుతుంది.
నాదీ వంగింది.

సారాంశం ముందు గది, అన్నాను.
ఊడ్చి, దుప్పటి మార్చి, మనల్ని కూచోబెడతారు.
మీరు లేచి పెరట్లోకి నడవండి.
రెండో పట్టిక కింద, చీమతలకాయంత అక్షరాల్లో,
అంట్లగిన్నెలన్నీ అక్కడుంటాయి.

అరగంట. పేజీలు తిరిగే చప్పుడు.
డబ్బెవరిచ్చారని టామ్సిన్ అడిగింది.
ఎవరు ఏ గుంపులో పడతారో
చీటీ తీసినవాళ్ళకి ముందే తెలుసా, అన్నాడు ఫార్మసీ కుర్రాడు.
అతను దారితప్పి రాలేదు.

చివరి కుర్చీలోంచి ముపావ్:
"చేరింది ఎనభై నాలుగు. పట్టికలో డెబ్బై మూడు.
పదకొండు మంది ఏరీ?"

థాయ్ సరిహద్దు క్యాంపులో పుట్టిన పిల్ల.
బియ్యం పంచే రోజున వాళ్ళమ్మ
తలలు రెండుసార్లు లెక్కపెట్టేదట.
ఒక తల తప్పితే
నెలంతా ఒక కంచం తప్పుతుంది.

"'కొనసాగలేదు' అని ఉందంతే," అన్నాడు జెథ్రో.
"ఎందుకు?"
ఏసీ గొణుగుడు.
"పడిపోయారేమో," అంది ముపావ్, తనలో తాను అనుకున్నట్టు.

పడినవాళ్ళు రాలేదు.
రానివాళ్ళు లెక్కలోకి రాలేదు.
కనుక పడేవాళ్ళు తగ్గారు.

డల్సీ ట్రివెల్లా, డెబ్బై తొమ్మిదేళ్ళు.
మంగళవారం మంగళవారం
కాగితం సంచిలో పెరటి నిమ్మకాయలు తెచ్చేది.
నా ఇంటిపేరు తను, తన ఇంటిపేరు నేను
పలకబోయి ఇద్దరమూ ఓడిపోయేవాళ్ళం.
ఐదో వారం రాలేదు. ఆరో వారం రాలేదు.
ఫోన్ చేశాను, రెండుసార్లు మోగి మోగి ఆగింది.
ఆ గడిలో ఇంటూ గుర్తు పెట్టి
కింది వరసకి దిగాను.
నాకప్పుడు ఇరవై తొమ్మిది. జూన్‌తో కాంట్రాక్టు ఆఖరు.
సంచిలో ఇంకా మూడు నిమ్మకాయలున్నాయి,
ఎండి, గోలీల్లా గట్టిపడి.

ముపావ్ పేపరుని కిటికీకి అడ్డంగా పట్టుకుంది.
ఎండ వెనకనుంచి తాకేసరికి
సిరా కింద అక్షరాలు తేలాయి,
ఇక్కడెవరికీ లేనంత పొడుగు ఇంటిపేరు.
పేపరు చూసింది. నన్ను చూసింది.
పేపరు దించేసింది.

"అడుగు," అన్నాను.
మిగతావాళ్ళు తలలెత్తారు.
"వాళ్ళకి ఫోన్ చేశారా?"
"ఒకావిడకి చేశాను. రెండుసార్లు."

అంచున ఏదో రాసుకుంది, పెన్సిల్‌తో.
మూడోసారి ఎందుకు చెయ్యలేదని
ముపావ్ అడగలేదు.

జెథ్రో అడిగాడు.