కొట్టింది ఒకటి

మిల్లు గేటుకి మళ్లీ తాళం పడ్డాక
మనవరాలి పాత ఫోన్లో
లిథువేనియా దొరికింది నాకు.
వెతకలేదు. వేలు జారింది.
నార దువ్వి దువ్వి గీతలరిగిన వేలు,
ఫోను ఒక్కోసారి దాన్ని వేలని ఒప్పుకోదు.

అక్కడ సాయంత్రం ఆరైతే
నెల్లిమర్లలో రాత్రి ఎనిమిదిన్నర.
అన్నం తిని అరుగు మీద కూచుని
నోరు తిరగని ఊళ్లు కూడబలుక్కుంటాను:
మారియాంపోలె, తెల్షెయ్, క్లైపేడ.
"ఏటి తాతా, మంత్రాలా?" అంటది పిల్ల.

మార్చిలో మొదలెడతారు, మంచు పూర్తిగా కరక్కుండానే.
పై అంతస్తు వాళ్లకి దీపాలు, కుర్చీలు, టీవీ.
వాళ్లతో నాకు పన్లేదు.
మెట్లు దిగి పోతాను
రెండు, మూడు,
ఆ కింద నాలుగు.
కీపరు పగలు రొట్టెల బట్టీలో ఉంటాడేమో,
లైన్స్‌మన్ ఎవడి బావమరిదో.
ఆ అంతస్తు వాసన నాకు తెలుసు.

మిల్లు టీము మాది. జిల్లా లీగు, రెండో డివిజను.
స్పిన్నింగు నుంచి అయిదుగురు, బ్యాచింగు నుంచి ముగ్గురు,
మిగిలినోళ్లు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు.
బి-షిఫ్టు దిగి, జుట్టులో నారపొట్టుతోనే
గోల్లో నిలబడేవాణ్ణి.
నెట్టు మేమే అల్లుకున్నాం, గోగునారతో.
వానకి తడిసి బరువెక్కితే
బంతి పడ్డప్పుడు మూలిగేది.

లెంక తవుడు. ఎడమకాలు.
కొత్తవలస మీద, జెండా మూల నుంచి కొట్టాడు,
చంపావతి మలుపు తిరిగినట్టు తిరిగి
లోపలికి.
అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఆ నెల్లోనే తాళం. మొదటి తాళం.
టీము తప్పుకుంది.
విజయనగరం నుంచి కార్డు ముక్క వచ్చింది:
మీరాడిన ఆటలన్నీ రద్దు.
కొత్తవలసకి ఓటమి పోయింది,
తవుడికి గోలు పోయింది.
"పోతే పోనీరా, నాను కొట్టినాను గదా"
అన్నాడు, కూలికి విజయవాడ బండెక్కుతా.

ఈ జులైలో, నాలుగో అంతస్తు అట్టడుగున
ఒక టీము. తొమ్మిది ఆటలు, తొమ్మిది ఓటములు.
తిన్నవి యాభై ఎనిమిది.
కొట్టింది ఒకటి.
ఇంట్లో జొరమొచ్చిన మనిషిని చూసినట్టు
పొద్దున్నే ముందు వాళ్లనే చూసేవాణ్ణి.

ఆగస్టులో ఒక రాత్రి
పేరు మీద గీత.
మిగతా అందరి లెక్కలూ సర్దేశారు,
ఊరిన గోగుకట్టలు లాగేశాక
చెరువు నీళ్లు సర్దుకున్నట్టు.

పిల్ల నోట్‌బుక్కు వెనక పేజీల్లో నా పట్టిక.
నేనూ కొట్టెయ్యాలి, లెక్క ప్రకారం.
కొట్టడం, కొట్టెయ్యడం.
పెన్ను అక్కడే ఆగింది.

గోలు కొట్టినోడి పేరు ఫోన్లో లేదు.
నిమిషం ఉంది: డెబ్బై ఎనిమిది.
అప్పటికే ఏడు తిన్నారు.
ఏడు తిన్నాక ముందుకి పరిగెత్తినోడు
ఎవడమ్మా వాడు?

తవుడికి ఫోన్ చేశాను, చాన్నాళ్లకి.
దేశం పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు.
అంతా విన్నాడు. దగ్గాడు.
"ఎడంకాల్తోనేనేటి?"
తెలీదురా, అన్నాను.
కాసేపు లైన్లో ఎవరిదో మిక్సరు తిరుగుతున్న చప్పుడు.
"ఎడంకాలే అయ్యుంటాదిలే" అన్నాడు.