పిడికెడు

పేరు రాసుకున్న రోజు
దీనమ్మక్క నా బొటనవేలు పట్టుకొని
నీలం సిరాలో అద్ది
సంఘం పుస్తకంలో నూట పద్నాలుగో వరసలో ఒత్తింది.
పాలిష్ మిషన్ రెండు వేళ్లు తినగా మిగిలిన
మూడు వేళ్ల పట్టు. గట్టిది.

ఆ యేడు పెన్నలో నీళ్లు లేవు.
బోరు కాడి తొట్టిలో మునిగి లేచినా.
నాచు వాసన ముక్కులోంచి
వారం దాకా పోలేదు.

అయ్యగారు రూళ్లు చదివినారు.
ఆదివారం కలుపుకు పోగూడదు.
తీసుకున్న బాకీ లేదనగూడదు.
సీసా సంగతి మాత్రం
మా ఇంటాయన దిక్కు చూసి రెండుసార్లు చదివినారు.
ఆడోళ్లు ఎసరు పెట్టిన ప్రతిసారీ
దేవుని పేరన పిడికెడు బియ్యం పక్కన పెట్టాల.
ఇంతేనా, అనుకున్యా.
బరువుది ఆయనకు, తేలికది నాకు.

ఆయన మానినాడు.
జమ్మలమడుగులో బస్సు దిగి
షాపు ముందర పడకుండా
శనగచేల గట్టెంబడి మైలు చుట్టు తిరిగి
మోకాలు పట్టుకుంటా ఇల్లు చేరుతాడు.
నేను చూస్తానే ఉన్నా.

శనగ మొలకలోనే మాడింది.
నల్లరేగడి నోరు తెరిచి
మడమ దాకా మింగుతాండాది.
స్టోరు బియ్యం ఇరవయ్యో తేదీకే అడుగంటినాయి.
చేట ముందర కూచొని
నా చెయ్యి చూసుకున్యా.
బండలు మోసిన చెయ్యి, వెడల్పు చెయ్యి.
ఇంత చెయ్యి నాకెందుకిచ్చినావు సామీ అని
దేవుని మీద మొదటిసారి కోపమొచ్చింది.

అప్పుడు పిలిచినా కెజియను.
నాలుగేండ్లది.
"దామ్మా, దేవుని బియ్యం ఇంక నువ్వే ఎయ్."
రూలులో పిడికెడు అని ఉండాది.
ఎవరి పిడికిలో లేదు.

అది రెండు చేతులూ గౌనుకు తుడుచుకొని
గింజ జారకుండా బిగించి
డాల్డా డబ్బా దాకా ఊపిరి బిగబట్టి నడిచేది.
రాలిన గింజలు ఒకటొకటే ఏరి
మళ్లా వేసేది.
"ఈ పొద్దు గూడా నా చెయ్యేనా?"
"నీ చెయ్యే."
"దేవునికి నా చెయ్యంటే ఇష్టమా మా?"
నేను వంగి పొయ్యి ఊదినా.
పొయ్యి బాగానే మండుతాండాది.

నెలాఖరున దీనమ్మక్క మానికతో కొలిచింది.
సగానికి పైన కొంచెం.
"కరువు గదా," అంది.
"అవునక్కా," అన్యా.
అబద్ధమంటే ఆ ఒక్క మాటే.
ఇంటికి వస్తావుంటే దారెంబడి
ఖాళీ డబ్బా మూత గలగలమంటానే వచ్చింది.

ఆ రాత్రి ఆయన మోకాలికి
ఆముదం రాస్తా రాస్తా లేచినా.
"యాడికే ఇప్పుడు?"
చెప్పలే.
దీనమ్మక్క ఇంట్లో దీపం ఉండాది.
గడప కాడ నిలబడే చెప్పినా, పాప చెయ్యి సంగతి.
తిడతాదనుకున్యా.
ప్రార్థన చేస్తాదనుకున్యా, అది ఇంకా భయం.
ఆమె పుస్తకం తెచ్చి
దీపం కాడ ఏడో పేజీ తీసి
వేలు పెట్టి చూపించింది. నాకు చదువు రాదని
మరిచిపోయి, మళ్లా తానే చదివింది:
లేనివారు లేదని చెప్పవలెను.
ఎవరునూ అడగరాదు.

అంతే రాసుండాది.
ముప్పై యేండ్లలో ఆ మాట చెప్పినోళ్లు
ఇద్దరే అంట.

మూడు వేళ్లతో కలం పట్టుకొని
నా అంకె మీద గీత గీసింది.
పక్కన ఏమో రాసింది. ఏమి రాసినావని అడగలే.
గొంతులో ముద్ద అడ్డం పడినట్టుంటే
మంచినీళ్లు తాగి ఇల్లు చేరినా.

పొద్దుగూకితే కెజియ వచ్చింది,
చెయ్యి తుడుచుకొని, అరచెయ్యి చాపి.
"ఈ పొద్దు లేవు తల్లీ."
"మరి దేవునికి?"
"లేవని చెప్పు."
అది రవ్వంతసేపు ఆలోచన చేసి
డబ్బా మూత తీసి
లోపలికి తల పెట్టి
మెల్లగా, ఎవరో నిద్రపోతాన్నట్టు,
"లేవంట," అని చెప్పి
మూత పెట్టేసింది.