సున్నం అంటిన టేపు

నా పెరట్లో ఏడు బంతులు ఉండేవి.
ఒక్కటీ నేను కొన్నది కాదు.
గోడ దూకి వచ్చినవాటిని వచ్చినట్టే
బట్టలుతికే తొట్టి కింద దాచేసి
"ఇటు రాలేదు నాయనా" అనేదాన్ని,
మొహంలో గీత కూడా కదలకుండా.

నలభై ఏళ్లు కుట్టుపని చేసిన చేతులివి.
మాంటెవీడియోలో, సెర్రో కొండ కింద
ఎవరి నడుమెంతో, ఎవరి భుజం ఎటు జారిందో
నాకు తెలియని ఇల్లు లేదు.
శనివారం పొద్దున గోడవతల ఈల మోగిందా,
ఇక సూదిలోకి దారం ఎక్కేది కాదు.

ఆ రోజు తలుపు కొట్టింది పిల్లలు కాదు,
ఎల్బియో.
మాంసం ఫ్యాక్టరీ మూతపడేదాకా అందులో కూలీ,
మూతపడ్డాక ఈ మైదానానికి
జీతం లేని జీతగాడు.
చేతిలో సున్నం బకెట్.
బంతులు అడుగుతాడనుకుని
అబద్ధాన్ని నాలుక కొసన సిద్ధం చేసుకున్నాను.

"నీ టేపు ఒకసారి ఇస్తావా నిబ్యా?
పెనాల్టీ చుక్కకి ఇన్నేళ్లూ అడుగులే లెక్కపెట్టాను.
ఈమధ్య నా అడుగులు
ఒకదానితో ఒకటి సరిపడటం లేదు."

టేపు చూస్తే ఒకటిన్నర మీటరు.
వంగి కొలిచి, వేలితో మట్టిలో గీరి,
జరిగి, మళ్లీ వంగి...
గోడ మీంచి చూస్తున్నాను.
మూడోసారి వంగినవాడు లేవలేదు.
లేవలేక కాదన్నట్టు
నేల మీద ఏదో వెతుకుతూ ఉండిపోయాడు.
ఆ వెతుకులాట నాకు కొత్త కాదు.
సూది బెజ్జం కనబడనప్పుడు
నేనూ బల్ల కింద అలాగే వెతుకుతాను.

వెళ్లి టేపు రెండో కొస పట్టుకున్నాను.

అంతే.
ఎవరూ నన్ను రమ్మనలేదు,
ఏ కాగితం మీదా సంతకం అడగలేదు.
వారం తిరిగేసరికి
పద్నాలుగు చొక్కాలు నా మిషను పక్కన కుప్పగా ఉన్నాయి.
ఒక్కో కాలరు లోపల
నాలుగేసి పేర్లు, సిరాతో,
పైది కొట్టేసి కింద ఇంకొకటి.
తొమ్మిదో నంబరు చొక్కాలో మొదటి పేరు వాడు
ఇప్పుడు ఓడరేవులో క్రేను నడుపుతున్నాడు.
అయిదో పేరు యమాండూ, వయసు ఏడు,
చొక్కా మోకాళ్లు దాటుతోంది.
అంచు మడిచి కుట్టాను, కత్తిరించలేదు.
పెరుగుతాడు కదా.

గోల్‌కీపరు అయిలేన్ చేతులు పొడుగు,
దాని చొక్కాకి పాత కర్టెన్ గుడ్డ అతికాను.
పూలు కనబడుతున్నాయని అలిగింది.
పూలని చూసి ఎవడైనా గురి తప్పుతాడులే అంటే
నవ్వు ఆపుకోలేక ఇంకా అలిగింది.

వాన పడితే మా వాడలో పిండి వేగాల్సిందే.
రేకు కింద పెనం పెట్టుకుని
మూడు శనివారాలు రొట్టెలు వేయించి అమ్మాం,
వచ్చిన పెసోలతో గోల్ వల, రెండు దీపాలు.
ఒక దీపం వెలగలేదు. షాపువాడు తిరిగి తీసుకోలేదు.

పై వాడ కోచ్ వచ్చి
"మీ గీత వంకర" అన్నాడు.
"కొండే వంకర, నేనేం చేయను"
అన్నాడు ఎల్బియో.

ఒక రాత్రి, వీధిలో ఎవరూ లేనప్పుడు,
తొట్టి కిందివి ఏడూ బయటికి తీసి
ఒక్కొక్కటే గోడవతలికి విసిరాను.
భుజం రెండు రోజులు నొప్పెట్టింది.
పొద్దున్నే యమాండూ అరుపు:
"గాలి బంతుల్ని కాసింది!"
ఎల్బియో నా వంక ఒకసారి చూసి
ఏమీ అనకుండా పంపు తెచ్చాడు.
మూడింటికి గాలి నిలిచింది.

ఇప్పుడు ఏ పెళ్లికూతురి నడుము కొలిచినా
తెల్లటి పొడి అంటుకుంటుంది.
దులుపుకోమ్మా, సున్నమే అంటాను.
టేపు మీద అంకెలు కొన్ని చెరిగిపోయాయి,
అక్కడ అటూ ఇటూ చూసి అంచనా వేసుకుంటాను.
కొత్తది కొనుక్కోవచ్చు, ఎంత కాదు గనక.

రేపు వానట.
పిండి కలపాలి.