మందు నువ్వే రాస్తావు

భోలక్‌పూర్‌లో మా బస్తీ దవాఖాన
రెండు గదులు, ఒక కుళాయి.
కిటికీ మూసినా తోళ్ల వాసన లోపలే ఉంటుంది.
పక్కింటి కుక్కర్ కూతలు లెక్కపెట్టి
మా నర్సు భూలక్ష్మి టైం చెప్తుంది.

నాలుగేళ్లు నేను ఒకే మాట రాశాను:
పెద్దాసుపత్రికి.
లివర్ అనగానే నా పెన్ను
దానంతటదే అటు తిరిగేది.
నఫీసున్నిసా ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి
బటువాలో చిల్లర కింద దాచుకుంది.
పోయిందా అంటే, పోలేదు.
ప్లాస్టిక్ ఏరితే పూటకు రెండొందలు,
లైన్లో నిలబడితే సున్నా.
"రోగం కనబడదు డాక్టరమ్మా,
ఆకలి కనబడతది."

ఇప్పుడు బుధవారం రెండింటికి
ఫోన్‌ను బీపీ మిషన్‌కి ఆనించి నిలబెడతాం.
చిన్న చిన్న గళ్లలో పదిమంది డాక్టర్లం,
ఒకరు బోరబండ, ఒకరు చాంద్రాయణగుట్ట,
ఒకాయన మాటకంటే ఆయన ఫ్యానే ఎక్కువ వినబడుతుంది.
పై గడిలో లివర్ డాక్టరు హైమవతి మేడం.
వయసెంత, ప్లేట్‌లెట్లు ఎన్ని,
పొట్టలో నీరుందా, కాళ్లు వాచాయా,
ఇంకేం మందులు మింగుతోంది?
అన్నిటికీ టకటకా చెప్పాను.
"హెపటైటిస్ బి చూశావా?"
చూడలేదు.
పదిమంది ముందు చెవులు కాలాయి.
"చూసి వచ్చే వారం చెప్పు.
మందు నువ్వే రాస్తావు."

నెట్ ఆగి ఆమె ముఖం
సగం నవ్వు దగ్గర గడ్డకట్టింది.
నువ్వే అన్న మాట మాత్రం
గదిలోనే తిరిగింది, సాయంత్రం దాకా.

రెండు బిళ్లలు, రోజుకొక్కసారి, ఎనభై నాలుగు రోజులు.
"సూది లేదా?" అంది నఫీసున్నిసా.
లేదు.
"మంచిదే. అసలు సూదితోనే వచ్చుంటది ఇది."
వాళ్ల చిన్నప్పుడు బస్తీలో ఎవరికి ఒళ్లు కాలినా
సూది కొమురయ్యే దిక్కట.
స్టీలు పెట్టెలో రెండు గాజు సిరంజీలు,
పొద్దున ఒక ఉడుకు,
ఆ ఉడుకు మీదనే పొద్దుగూకేదాకా బస్తీ మొత్తం.
ఐదు రూపాయలకు బలం.
ఆమె తిట్టలేదు. "రాత్రి రెండింటికి లేపినా వచ్చేటోడు" అంది.

నలభయ్యో రోజు బిళ్లలు లెక్కపెట్టడానికి వాళ్లింటికి వెళ్తే
గట్టు మీద ఒక గ్లాసు విడిగా బోర్లించి ఉంది.
కోడలు చూపు తిప్పుకుంది.
ఆ గ్లాసులోనే నీళ్లడిగాను.
దాహం లేదు.
అయినా మొత్తం తాగాను.

మందు అయిపోయాక పన్నెండు వారాలు ఆగి
మళ్లీ రక్తం తీశాం.
రిపోర్టులో ఒకే ముక్క: వైరస్ కనబడలేదు.
"కనబడలేదంటే ఏడన్నా దాక్కుందా?"
లేదమ్మా, పోయింది.
ఆమె బటువా తీసి, పాత చీటీ నా బల్ల మీద పెట్టి
"ఇగ ఇది నువ్వే ఉంచుకో" అంది.
ఆ బుధవారం చెప్తే ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
"మంచిది. తర్వాతి కేసు" అన్నారు మేడం.
తర్వాతి కేసు కూడా నాదే.

శ్రావణంలో, ముసురు పట్టిన పొద్దున,
గుమ్మంలో ఒక ముసలాయన.
కూర్చోమంటే కూర్చోడు.
చంకలో తువ్వాల చుట్టిన స్టీలు పెట్టె.
"అందరి చేతులు పట్టిన బిడ్డా,
నా చెయ్యి ఎవ్వరూ చూడలే.
అప్పుడప్పుడు నాకు నేనే గుచ్చుకున్న,
ఆ సూదులతోనే."

భూలక్ష్మి పట్టీ కట్టి వెతికింది, నరం దొరకలేదు.
ఆయనే వేలు పెట్టి చూపించాడు, ఇక్కడ.
చూపించి చెయ్యి సగం వెనక్కి తీసుకున్నాడు.

"కొత్తదేనా?"

భూలక్ష్మి ఏమీ అనలేదు.
సిరంజి కవరు ఆయన కళ్ల ముందుకు తెచ్చి
మెల్లగా, చప్పుడయ్యేలా, చింపింది.