పాయలు

మల్లేశ్వరం పదకొండో అడ్డరోడ్డు,
ఇస్త్రీ కొట్టు మీది గది.
కింద బొగ్గు రాజుకుంటే
పైన మా నాలుగు కంప్యూటర్లూ తుమ్మేవి.

రోజూ ఏడున్నరకి మెట్ల మీద
ఇంటావిడ గిరిజమ్మ కూతురికి జడ వేసేది.
టీ గ్లాసుతో ఆగిపోయాడొకరోజు ఓబులేసు.
"చూడబ్బా, మూడు పాయలు.
దేని దోవ దానిదే.
ఆయమ్మ ఏళ్లల్లో పడినాక ఒకటే."

అప్పటికి మనుషులు ముక్కలుగా ఉండేవారు.
ఫొటోలు ఒకచోట, పాటలు ఒకచోట,
చదివింది ఇక్కడ, ఏడ్చింది ఇంకెక్కడో.
మేం దువ్వెన పట్టుకున్నాం.
ఒక్క మనిషిని ఒక్కచోట అల్లడానికి
పద్నాలుగు నెలలు.

పేరు కూడా జడే.
మొదటి రాత్రి ముప్ఫై ఒక్కమంది.
ఉగాదికి పదకొండు వేలు.
తిప్టూరు నుంచి ఒకాయన కొబ్బరికాయ ధర పెడితే
తాంబరంలో ఎవరో నవ్వేవారు.
ఆ నవ్వుకో గుర్తుండాలంది పొన్మణి.
సాయంత్రానికి గీసేసింది, చిన్న మల్లెమొగ్గ.
నచ్చితే మొగ్గ. మాటలక్కర్లేదు.

కొత్తమాట పైనుంచి దబ్బున పడేది.
ఓబులేసు ఒప్పుకోలేదు.
"మనిషి ఉలిక్కిపడగూడదు.
అర సెకను ఆగల్ల. అప్పుడు జారల్ల."
ఆ అర సెకను కోసం
వారం రోజులు మాటల్లేవు మా మధ్య.

తర్వాత పెద్ద కంపెనీవాళ్లొచ్చారు.
బిస్కెట్లు తిన్నారు, జడని పొగిడారు,
అల్లే వేళ్లని కొనుక్కున్నారు.
జడ వాళ్లకి అక్కర్లేదు.

ఆపేస్తున్నామని చెప్పిన వారం
జనం ఎన్నడూ లేనంత మాట్లాడుకున్నారు.
ఎక్కడ కలుద్దామో మాత్రం
ఎవరూ ఎవరికీ చెప్పలేదు.
శుక్రవారం అర్ధరాత్రి
తీగ పీకే వంతు నాది.
తిప్టూరాయన అప్పుడే పెట్టాడు:
కాయ ఆరు రూపాయలు.
కింద ఒక మొగ్గ పెట్టి
పీకేశాను.

పొన్మణి ఏ వెతుకులాటకీ దొరకదిప్పుడు.
ఓబులేసు తాడిపత్రి అవతల చీనీతోట చూసుకుంటున్నాడు.

నిన్న మెట్రోలో, యశ్వంతపుర దాటాక,
పక్కసీటు పిల్ల, భుజాల దాకా కత్తిరించిన జుట్టు,
బొటనవేలితో తెరని కిందికి లాగింది.
ఆ తెర ఏ కంపెనీదో, ఏ దేశానిదో.
కొత్తది వెంటనే పడలేదు.
ఆగింది.
జారింది.
లెక్కపెట్టాను. అర సెకనే.

రాత్రి ఓబులేసుకి ఫోన్ చేసి చెప్పాను.
కాసేపు గాలి చప్పుడు.
తర్వాత చీనీకాయల రేటు చెప్పాడు,
టన్ను ఎంత పలికిందో.

మొగ్గ పెట్టడానికి చోటు లేక
ఊఁ అన్నాను.